కోడ్ తొమ్మిది: సిబ్బంది పొరపాటు

1వ రోజు

విహాన్ గారూ, మీరు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు రాయాలని లేదు.

పదకొండేళ్లుగా ఈ విశ్రాంతి గృహంలో మందులు ఇస్తున్నాను. పోయిన వారం ఇరవై రెండో నంబరు డబ్బీ ఇరవై మూడుకు, ఇరవై మూడుది ఇరవై రెండుకు ఇచ్చాను. ఇద్దరివీ ఒకే గోలీలు, ఒకే మోతాదు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా పొరపాటు పొరపాటే అన్నారు మీరు, హైదరాబాద్‌లో చల్లటి గదిలో కూర్చుని, గోడ మీది తెరలోంచి. మీ కార్డు మీద కంప్లయన్స్ ఆఫీసర్ అని ఉంటుంది కదా, అనక తప్పదు. దానికి శిక్ష ఈ పుస్తకం. ముప్పై రోజులు చేత్తో రాయాలి, ముప్పయ్యో రోజున మీకు పంపాలి. "రాస్తే మనసు పెట్టి పని చేయడం అలవాటవుతుందండీ" అన్నారు. సరే, మనసు పెట్టే రాస్తాను. చదివాక బాధపడొద్దు.

అరవై నలుగురు మనుషులు, రోజుకు మూడు పూటలు, పూటకు ఇరవై ఐదు నిమిషాలు. బండి తోసుకుంటూ వెళ్లి నంబరు చూసి డబ్బీ చేతిలో పెట్టాలి, నీళ్లు ఇవ్వాలి, ముందుకు కదలాలి. నోరు తెరిచి చూపించమని అడగకూడదు. ఆ పద్ధతి మీరే తీసేశారు. మనిషికి పదకొండు సెకన్లు దండగ అవుతోందట. గోలీలో ఆవగింజంత చిప్ ఉంటుంది, దాని మీద మనిషి నంబరు ఉంటుంది. కడుపులో కరగగానే ఆ నంబరు పట్టీ పచ్చగా వెలుగుతుంది. అందుకే అందరి నడుములకూ పట్టీలు కట్టాం. ఇక నోళ్లతో పనేముంది?

ఆ పచ్చ వెలుగును ఇక్కడివాళ్లు మస్టర్ అంటారు. "మస్టర్ పడ్డది, ఇగ నువ్వు పో సిస్టర్" అంటారు. మస్టర్ అంటే పనిలో హాజరు వేయించుకోవడం. అందరూ ఒకప్పుడు ఈ బాయిలోనే, అంటే ఈ గనిలోనే, బొగ్గు తీసినవాళ్లు. బొగ్గు ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. పైన ఎండకు ముసలి ప్రాణం నిలవదు, భూమి లోపల చల్లగా ఉంటుంది. అందుకని పాత గ్యాలరీలకు, అంటే బొగ్గు తవ్విన సొరంగాలకు, తెల్ల పలకలు బిగించి, మంచాలు వేసి, అదే మనుషులను మళ్లీ అదే బాయిలోకి దింపారు. "రిటైరైనంక గూడ దిగుడేనా?" అని అడిగింది మౌనికవ్వ, వచ్చిన మొదటి రోజు. ఆవిడ ఇక్కడ మందుగుండు పెట్టి బండలు పేల్చిన మనిషి. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పైన, బాయిలోకి దిగే వాలు దారి మొదట్లో ఒక చెక్క, దానికి అరవై నాలుగు మేకులు, మేకుకో ఇత్తడి టోకెన్. అది శ్రావణ్ తాత పని. ఎనభై రెండేళ్ల మనిషి, ఒకప్పుడు సర్దార్, అంటే షిఫ్టులో మనుషుల ప్రాణాలకు పూచీ ఉండేవాడు. లోపల ఉన్నంతసేపు మనిషి టోకెన్ మేకుకు ఉండాలి. సాయంత్రం గాలికి పైకి రాగానే తీసి జేబులో వేసుకోవాలి, దిగేముందు మళ్లీ తగిలించాలి. మరిచిపోతే ఎనభై రెండేళ్ల గొంతుతో అరుస్తాడు. ఆ ఇత్తడి తుడవలేక నా చేతులు పడిపోతున్నాయి.

4వ రోజు

ఈ వారం ముగ్గురు పడిపోయారు. ఒకరు స్నానాల గదిలో, ఒకరు మంచం దిగుతూ, ఒకరు ఊరికే నిలబడి. బీపీ చూస్తే పాతాళంలో ఉంది. మందుల రికార్డు చూస్తే అందరికీ నూటికి నూరు. మీ తెర మీద పచ్చ తప్ప వేరే రంగు లేదు.

మీరు అడిగారు: "రుత్విక గారూ, డబుల్ డోస్ ఏమైనా వెళ్లిందా?" వెళ్లలేదు అన్నాను. "మరోసారి ఆలోచించుకోండి" అన్నారు. దొంగను అడిగినట్టు అడిగారు. ఒళ్లు మండింది.

మధ్యాహ్నం పన్నెండుకు ఎండ సైరన్ మోగింది. సైరన్ మోగితే కరెంటు తగ్గిస్తారు, ఫ్యాన్లు సగం వేగానికి పడిపోతాయి. గాలి తక్కువ కాబట్టి అయిదింటిదాకా ఎవరూ మెసలకూడదు. అందుకే పన్నెండు గంటల డబ్బీలో బీపీ, షుగర్ మందులతో పాటు అందరికీ నెమ్మది గోలీ ఉంటుంది. జబ్బు ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. మింగితే అయిదు గంటలు కదలరు. అది వాళ్ల కోసం కాదు, మన వీలు కోసం. ఈ మాట ఎక్కడా రాయలేదు కదా, ఇక్కడ రాస్తున్నాను.

ఓదెలు తాత ఇవాళ కూడా నన్ను డాక్టరమ్మా అన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. బాయిలో దుంగలు నిలబెట్టి పైకప్పుకు ఆసరా పెట్టే పని చేసేవాడు. "డాక్టరమ్మా, గీ గోలీలు తిన్నంక కడుపుల బువ్వకు జాగ ఉంటదా?" అన్నాడు. మూసుకుని మింగు తాతా అన్నాను. మింగాడు.

7వ రోజు

ఒంటిగంటకు ఓదెలు తాత మంచం దగ్గర నన్ను ఆపింది పట్టీ కాదు, గురక లేకపోవడం. అందరూ గురక పెడుతుంటే అతని మంచం మీద మాత్రం చప్పుడు లేదు. వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. షుగర్ ముప్పై ఎనిమిది.

చక్కెర పాకం నాలుక కింద పెట్టి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. పదకొండేళ్లలో అంత భయపడలేదు. చివరికి కళ్లు కదిలాయి.

"ఎవలు సచ్చిండ్రని గంత మొఖం పెట్టినవ్?" అన్నాడు.

ఒక్క షుగర్ గోలీకి ఇంతగా పడిపోదు. రెండు మింగి ఉండాలి. నేను ఇచ్చింది ఒకటే. మీ రికార్డు కూడా ఒకటే అంటోంది. అయినా సాయంత్రానికి తెర మీద నా పేరుకు ఎదురుగా "అనుమానిత సిబ్బంది పొరపాటు" అని కనిపించింది. పచ్చ పట్టీని నమ్ముతారు, నన్ను నమ్మరు.

8వ రోజు

దొరికారు.

మందుల రౌండు అయ్యాక బండి చివరిదాకా తోసి, చెప్పులు విప్పేసి, వెనక్కి వచ్చాను. మౌనికవ్వ నడుముకు రెండు పట్టీలు, ఒకదాని మీద ఒకటి. చేతిలో ఉమ్ము అంటిన నాలుగు గోలీలు.

"ఇదేంది అవ్వా?"

"పట్టీ."

"నాకు కండ్లు లేవా? రెండెందుకు?"

"ఒకటి లూజున్నది."

పక్క మంచం మీద ఓదెలు తాత లేచి కూర్చున్నాడు. నిన్న చచ్చి బతికిన మనిషి. "చెప్పుండ్రి, ఇగ దాస్తే దాగదు," అన్నాడు. "బదిలీ, డాక్టరమ్మా."

బాయిలో ఒక మనిషి రాకపోతే అతని స్థానంలో దిగేవాళ్లను బదిలీ అనేవారు. మనిషి మారినా పని ఆగకూడదు. వీళ్లు ఇక్కడా అదే చేస్తున్నారు. రోజుకొకరు నా డబ్బీలోవి దవడన దాచుకుని, నేను దాటగానే ఉమ్మేసి ఇంకొకరికి ఇస్తున్నారు. ఆ ఇంకొకరు వాళ్ల పట్టీ కూడా కట్టుకుని, తమవి, వాళ్లవి, అన్నీ మింగుతున్నారు. డబ్బీలో ఉన్నవన్నీ కరిగితేనే పచ్చ పడుతుంది కాబట్టి షుగర్‌వి, బీపీవి కూడా. మూడుసార్లు మందు తప్పితే నాలుగో గ్యాలరీకి, సూదితో మందు ఎక్కించే పంపు మంచానికి తీసుకుపోతారు. ఆ భయానికి ఒకరి హాజరు ఒకరు వేయిస్తున్నారు. పడిపోయినవాళ్లంతా బదిలీలే.

"సస్తరు మీరు!" అని అరిచాను. "నిన్న తాత సచ్చేటోడు!"

"ఒక మనిషి మెలకువతోని ఉండాలె సిస్టర్." శ్రావణ్ తాత స్నానాల గదిలోంచి వచ్చాడు. చేతిలో ఊతకర్ర, జుట్టు మీద తెల్లటి దుమ్ము. "పొద్దుగాల ఫ్యాన్ల మోతకు ఏం వినబడది. ఫ్యాన్లు తగ్గేది పన్నెండుకు. అప్పుడే పైన రూఫ్ రాయి ఏమంటుందో తెలుస్తది, కూలే ముందు అది చప్పుడు చేస్తది. గప్పుడే నువ్వు అందరికి నిద్ర గోలీ ఇస్తవ్. ఎవలు వినాలె?"

వయసు మీద పడి పిచ్చెక్కింది అనుకున్నాను. అదే మొహం మీద అన్నాను కూడా.

9వ రోజు

మీకు రిపోర్టు పంపాను. ఎందుకు పంపానో రాస్తున్నాను, ఎందుకంటే దీని గురించి చాలాసార్లు ఆలోచించాల్సి వస్తుందని ఇప్పుడే తెలుస్తోంది.

ఓదెలు తాత తల నా ఒళ్లో ఉన్న ఆ ఇరవై నిమిషాలు నాకు మరపు రావడం లేదు. మందులు ఇచ్చే మనిషిని నేను. ఒకరి మందు ఇంకొకరు మింగుతుంటే చూస్తూ ఊరుకోలేను. నోళ్లు తెరిపించి చూసే పద్ధతి తిరిగి పెట్టాలని, నెమ్మది గోలీ మానేసే సంగతి డాక్టరును అడగాలని రాశాను. నిన్న నేను చూసిన పట్టీలు మౌనికవ్వవి. కానీ మొన్న షుగర్ పడిపోయింది ఓదెలు తాతకు, ఆ రికార్డు మీ దగ్గర ఉంది, కాబట్టి అతని పేరు రాయక తప్పలేదు. మిగతావాళ్ల పేర్లు రాయలేదు.

మీరు తెరమీద అతన్నే అడిగారు. ఎవరి బదులు మింగావు, ఇంకెవరెవరు ఉన్నారు అని.

"ఎవలు లేరు. నాకే గోలీలంటే ఇష్టం సార్," అన్నాడు ఓదెలు తాత.

నోళ్లు చూసే పద్ధతి ఒప్పుకున్నారు. నెమ్మది గోలీ సంగతి "తర్వాత చూద్దాం" అన్నారు. ఓదెలును పంపు మంచానికి తరలించమన్నారు. తరలింపు ఎందుకు సార్, షుగర్ గోలీ తగ్గిస్తే చాలు కదా అన్నాను. "ఇతరుల మందు మింగే రెసిడెంట్ రిస్క్ అండీ," అన్నారు. మీ గొంతులో ఆవలింత వినిపించింది.

10వ రోజు

నాలుగో గ్యాలరీలో పంపు మంచాలు ఆరు. అయిదు ఖాళీ. చేతికి సూది, సూదికి గొట్టం, గొట్టానికి పెట్టె. పెట్టెకు సొంత బ్యాటరీ. వేళకు మందు దానంతట అదే వెళుతుంది. మనిషి రోజులో రెండు గంటలు మెలకువగా ఉంటే గొప్ప. ఇనుప తలుపు మీ వేలు మీ తెర మీద పడితేనే తెరుచుకుంటుంది.

ఓదెలు తాత నడిచే వచ్చాడు. నేను మొహం చూపించలేకపోయాను.

"నువ్వు చేసింది తప్పు గాదు డాక్టరమ్మా. షుగర్ పడింది నిజమే గద," అన్నాడు. తర్వాత శ్రావణ్ తాత వైపు తిరిగాడు. "సర్దార్, నా టోకెన్ మేకుకే ఉండనియ్యి. మళ్ల నన్ను పైకి తెచ్చిందాక ఎవలూ తియ్యొద్దు."

"ఎవలు తీస్తరు? నేనున్న గద," అన్నాడు శ్రావణ్ తాత.

నలభై ఒకటో నంబరు. వచ్చేటప్పుడు చూశాను. ఉంది.

13వ రోజు

మూడు రోజులుగా ఎవరూ పడిపోలేదు. నోళ్లు చూస్తున్నాను, నాలుక ఎత్తించి, దవడల్లో వేలు పెట్టించి. పన్నెండున్నరకల్లా అరవై ముగ్గురూ గాఢ నిద్ర. మీ దగ్గరి నుంచి అభినందన వచ్చింది, పువ్వు బొమ్మతో. ఆ పువ్వు ఏం చేసుకోవాలో తెలియక తెర ఆపేశాను.

ఉదయం శ్రావణ్ తాత నోరు తెరిచి చూపించాడు. పళ్లు నాలుగే. మూసి, "ఇప్పుడు ఎవలు వింటున్నరు?" అని అడిగాడు.

"ఎవరు వినక్కర్లేదు తాతా. పైకప్పుకు సెన్సర్లు ఉన్నయ్."

"అయితే నువ్వు విను. ఒక్కసారి. వినబడకుంటే మళ్ల అడుగ."

స్నానాల గదిలో మూడో పలక అతను ముందే ఊడదీసి పెట్టుకున్నాడు. పైన నల్లటి రాయి. ఒక చేయి రాయికి ఆనించి, ఇంకో చేత్తో కర్రతో కొట్టాలట. "మంచి రూఫ్ గంట తీరు మోగుతది. చెడ్డది పలిగిన కుండ తీరు. గంతే. చదువు అక్కర్లేదు."

14వ రోజు

విన్నాను.

పన్నెండున్నర. ఫ్యాన్లు తగ్గాయి, అరవై మూడు గురకలు. స్టూలెక్కి తలుపు వైపు కొట్టాను: మోగింది. స్టూలు గోడ వైపు రెండు అడుగులు జరిపి కొట్టాను. పగిలిన కుండ. చేతి కింద రాయి సన్నగా వణికింది. కొట్టడం ఆపాక కూడా ఎక్కడో లోపల పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు, కాసేపు ఆగి ఇంకోటి. చీలికలోంచి మట్టి రాలి నా కళ్లలో పడింది.

ఆ గోడకు అవతల నాలుగో గ్యాలరీ.

15వ రోజు

మన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ రికార్డులో మీకు నచ్చినట్టు ఉంటుంది కాబట్టి.

"పైకప్పుకు నలభై సెన్సర్లు ఉన్నాయండీ. అన్నీ గ్రీన్."

"ఓదెలు తాత పడిపోయిన రోజు పట్టీలు కూడా అన్నీ గ్రీనే సార్."

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"సెన్సర్లు బిగించింది తెల్ల పలకలకు. పలకల మీద రాయి ఉంది. రాయికి ఒక్కటి కూడా లేదు."

"రుత్విక గారూ, మీరు మెడికేషన్ స్టాఫ్. స్ట్రక్చర్ మీ సబ్జెక్ట్ కాదు. రెండు నెలల్లో ఇన్‌స్పెక్షన్ ఉంది, నోట్ పెడతాను."

"ఒక్కసారి మీరు వచ్చి వినండి."

మీరు నవ్వారు. పైన యాభై డిగ్రీల ఎండలో ఇక్కడికి రావడమా అన్నట్టు. ఆ నవ్వు నేను మరిచిపోను.

17వ రోజు

బదిలీ లేకుండా ఒక మనిషిని మెలకువగా ఉంచడం ఎలా? రెండు రోజులు ఇదే ఆలోచన. మనిషి మింగనంటే అది కోడ్ మూడు, నిరాకరణ, వాళ్ల ఖాతాలో పడుతుంది, మూడు కాగానే పంపు. కానీ నేనే ఇవ్వకపోతే? కోడ్ తొమ్మిది ఉంది: "ఇవ్వలేదు, కారణం సిబ్బంది పొరపాటు." అది మనిషి మీద పడదు. నా మీద పడుతుంది. నెలకు అయిదు. అయిదోదానితో ఉద్యోగం, లైసెన్సు, క్వార్టర్ మూడూ పోతాయి. మే నెలలో ఈ ఊళ్లో చల్లటి క్వార్టర్ లేకుండా బతకడం అంటే ఏమిటో మీకు తెలియదు. నాకు తెలుసు, మా పిన్ని అలాగే పోయింది.

శ్రావణ్ తాతకు, మౌనికవ్వకు చెప్పాను. షరతు పెట్టాను: ఒక్క నెమ్మది గోలీ మాత్రమే ఆపుతాను, మిగతావి నా ఎదురుగా మింగాలి. ఎవరిది ఎవరూ మింగకూడదు.

"అయిదు దినాలే గద," అన్నది మౌనికవ్వ. "అటెనుక?"

"అటెనుక నేనుండను."

శ్రావణ్ తాత ఊతకర్ర గోడకు ఆనించాడు. తర్వాత, "మా షిఫ్టుల పనిచేస్తే నిన్ను మంచిగ సూసుకునేటోన్ని బిడ్డా," అన్నాడు. మొదటిసారి సిస్టర్ అనలేదు. ఏడుపొచ్చింది. బండి తోసుకుని వెళ్లిపోయాను.

18వ రోజు

పొరపాటు ఒకటి. నం. 9, శ్రావణ్. మధ్యాహ్నం, నెమ్మది గోలీ ఇవ్వలేదు. కారణం: నేను.

తాత చీలికలో సన్నటి చెక్క పుల్ల బిగించాడు. చీలిక పెరిగితే పుల్ల వదులవుతుందట.

19వ రోజు

పొరపాటు రెండు. నం. 30, మౌనిక. పుల్ల గట్టిగానే ఉంది. చప్పుళ్లు ఎక్కువయ్యాయని చెప్పింది. "పేల్చేటప్పుడు మేం లెక్కపెట్టేటోళ్లం. ఇది లెక్కకు అందుతలేదు" అంది.

20వ రోజు

పొరపాటు మూడు. మీరు తెర మీదికి వచ్చారు.

"మూడు రోజుల్లో మూడు కోడ్ నైన్‌లు. మీకు ఒంట్లో బాగుంటోందా?"

"బాగుంది సార్."

"మరి ఇదేంటి? కావాలని చేస్తున్నారా?"

"పదకొండేళ్లు కావాలని సరిగ్గా చేశాను. ఇది కూడా అలాగే."

"ఇంకా రెండే మిగిలాయి. గుర్తుంచుకోండి."

గుర్తుంది. మీకంటే బాగా గుర్తుంది.

21వ రోజు

పొరపాటు నాలుగు. పుల్లను వేలితో తోస్తే కదులుతోంది.

22వ రోజు

పొరపాటు అయిదు. నం. 9, శ్రావణ్.

ఒంటిగంటకు నన్ను పిలిచాడు. పుల్ల నేల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, దానంతట అదే పడింది. చీలికలో ఇప్పుడు నా బొటనవేలు పడుతుంది.

"రేపటి షిఫ్టు దాటది," అన్నాడు. బెదిరింపు లేదు, గొంతు పెంచలేదు. రేపు ఆదివారం అన్నట్టు చెప్పాడు. అందుకే నమ్మాను.

సాయంత్రం మీకు చెప్పాను. మీరు వేరే సంగతి చెప్పారు: అయిదు పూర్తయ్యాయి కాబట్టి నన్ను తొలగించారు, రేపు సాయంత్రం ఎండ తగ్గాక కొత్త మనిషి వస్తుంది, అప్పటిదాకా రౌండ్లు నేనే చేయాలి. సరే సార్, నన్ను తీసేయండి, నాలుగో గ్యాలరీ తలుపు మాత్రం తెరవండి, ఓదెలు తాతను పైకి తీసుకెళ్తాను అన్నాను. పంపు మీద ఉన్న రెసిడెంట్‌ను కదిపితే డోసు తప్పుతుంది అన్నారు. మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. నిజంగానే అన్నాను విహాన్ గారూ, రికార్డులో ఉంటుంది. తెర ఆగిపోయింది.

24వ రోజు

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. పైన పాత క్యాంటీన్ షెడ్డులో కూర్చుని.

ఉదయం టిఫిన్ కాగానే శ్రావణ్ తాత గ్యాలరీల మధ్య నిలబడి, "షిఫ్ట్ బంద్! అందరు పైకి!" అని ఒక్క కేక వేశాడు. ఎందుకు అని ఒక్కరు కూడా అడగలేదు. నేను పది నిమిషాలు నచ్చజెప్పాల్సి వస్తుందనుకున్నాను. చెప్పులు కూడా వెతుక్కోకుండా లేచారు. వాలు దారిలో మనుషులను పైకి చేర్చే బండికి సైరన్ దాకానే కరెంటు ఉంటుంది. ఒక్కో విడతకు పన్నెండు మంది. నడవలేని ఇద్దరిని మందుల బండి మీద కూర్చోబెట్టి తోశాం. డబ్బీలు ఎక్కడివక్కడ నేల మీద దింపేశాను. వంటమనిషి, ఊడ్చే ఆవిడ పైన గోనె పట్టాలు తడిపి షెడ్డుకు కట్టారు.

నాలుగు విడతలు వెళ్లాక మేం నాలుగో గ్యాలరీ తలుపు దగ్గరికి వెళ్లాం. శ్రావణ్ తాత, మౌనికవ్వ, నేను. గడ్డపారతో కొట్టాం. ఇనుము. తెర నొక్కాను, పదిహేడుసార్లు. "ఆఫీసర్ మీటింగ్‌లో ఉన్నారు" అని ఆడ గొంతు, అదే మర్యాదతో, పదిహేడుసార్లు. తలుపుకున్న అరచేతంత అద్దంలోంచి ఓదెలు తాత కనిపిస్తున్నాడు. పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. తాతా, తాతా అని అరిచాను. మందు బాగా పనిచేస్తోంది, కదల్లేదు.

పైనుంచి పిడికెడు మట్టి రాలింది. తర్వాత దోసెడు. మౌనికవ్వ తల ఎత్తి చూసి గడ్డపార కింద పెట్టింది.

"నడువు బిడ్డా," అన్నాడు శ్రావణ్ తాత.

"నేను రాను."

"సర్దార్‌ను నేను. ఇక్కడ నా మాటే ఆఖరు. నడువు." నా రెక్క పట్టుకుని లాగాడు. ఎనభై రెండేళ్ల చేయి, నా చేతిమీద ఇంకా వేళ్ల గుర్తులు ఉన్నాయి. వస్తూ తలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, మనిషిని నిద్ర లేపినట్టు. అతను ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఆఖరి విడతలో పైకి వచ్చాం. పన్నెండుకు సైరన్ మోగింది. పన్నెండూ నలభైకి కాళ్ల కింద నేల ఒకసారి కదిలింది. వాలు దారి నోట్లోంచి గాలి, దుమ్ము, చాలాసేపు. శ్రావణ్ తాత టోకెన్లు చూపించమన్నాడు. ఒక్కొక్కరే జేబులోంచి తీసి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. అరవై మూడు.

మీ రిపోర్టు రాత్రికల్లా నాకు వచ్చింది. సంతకం చేసి పంపమన్నారు. నిన్న మధ్యాహ్నం, సాయంత్రం రెండు పూటలకూ అరవై ముగ్గురికి మందులు అందలేదు, కోడ్ తొమ్మిది, సిబ్బంది పొరపాటు. ఒక్కరికే సరిగా అందాయి. నం. 41, ఓదెలు, పంపు ద్వారా. పన్నెండు గంటల మోతాదు, సమయానికి. సాయంత్రం ఆరు గంటల మోతాదు, సమయానికి. కంప్లయన్స్ నూటికి నూరు.

ఆరు గంటలకు అతని మీద ఎంత రాయి ఉందో మీ పెట్టెకు తెలియదు. మీకు తెలుసు.

సంతకం చేశాను. అరవై మూడు పొరపాట్లూ నావే, రెండు పూటలవీ. ఒక్కటి మీరు వదిలేశారు, అది నేనే చేర్చాను: తొమ్మిదో రోజు, ఉదయం, ఓదెలు పేరు రాసి మీకు రిపోర్టు పంపడం. కోడ్ మీరే వేసుకోండి.

ముప్పై రోజులు నిండలేదు, పుస్తకం ఇప్పుడే పంపుతున్నాను. ఫైలు కోసం నలభై ఒకటో టోకెన్ కూడా పంపమన్నారు. పంపను. వాలు దారి మొదట్లో చెక్క మీద, దాని మేకుకు అది ఉంది. శ్రావణ్ తాత నిన్నటి నుంచి దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎండలో కూడా. రమ్మంటే రాడు. మీకు కావాలంటే రండి. తవ్వించండి. మనిషిని పైకి తీసుకురండి. అప్పుడు మా చేత్తో మేమే తీసి ఇస్తాం.